ఒక్కరోజు మరపు

ఆ కిడ్నీ ఆసుపత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎదురుపడితే మేడమ్ అనేవారు, అటు తిరగగానే ఒకవేళమ్మ అనేవారు. ఏ గదిలో అడుగుపెట్టినా "ఒకవేళ ఇది ఆగిపోతే ఏం చేస్తారు?" అంటూనే నోరు విప్పుతుందని ఆ బిరుదు. ఆమె వస్తున్నట్టు కనబడితే టీ తాగుతున్నవాళ్ళు కప్పులు పట్టుకుని మెల్లగా జారుకునేవారు. లిఫ్టు దగ్గర కాసేపు నిలబడి చూసి వెళ్ళిందని, సాయంత్రానికల్లా లిఫ్టు ఆగిపోయిందని ఎవరో పుట్టించారు. ఆ మాట ఆమె చెవిన పడింది. నవ్వి ఊరుకుంది. లిఫ్టు ఆగడం తన తప్పు కాదు గాని, ఆగుతుందని ముందే అనిపించిన మాట మాత్రం నిజం.

ఆ భయం ఆమెకు ఊరికే పట్టుకోలేదు. పెళ్ళికి ముందు ఆమె అంబులెన్సుల ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. ఒకనాటి మధ్యాహ్నం ఫోన్లు మోగడం మానేశాయి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు. ఊళ్ళో జబ్బులన్నీ సెలవు పెట్టాయని ఒకరు జోకేశారు. ఒకామె స్వెట్టరు అల్లుకుంది. ఈమె బల్ల మీద తల వాల్చి కునుకు తీసింది. పొద్దువాలుతుండగా ఒకాయన చెప్పుల్లేని కాళ్ళతో మెట్లెక్కి వచ్చి "ఫోను ఎందుకు ఎత్తరు? ఎందుకు ఎత్తరు?" అని అరిచాక గాని తెలియలేదు, వీధిలో గొయ్యి తవ్వుతున్నవాళ్ళు లైను తెంపేశారని. ఆయన ఎవరి కోసం పరుగెత్తుకొచ్చాడో ఆ మనిషి అప్పటికే పోయింది. చేతికందేంత దూరంలో అంత ఘోరం జరుగుతుంటే తాను హాయిగా నిద్రపోయానన్న సంగతి ఆమెను వదల్లేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయని ఎవరైనా అంటే చాలు, ఆమె గుండె దడదడలాడేది.

ఏళ్ళు గడిచాయి. కిడ్నీ ఆసుపత్రిలో రికార్డుల గుమస్తాగా చేరి, పై ఊరు వెళ్ళి శిక్షణ పొంది, ఆమె అక్కడే కొనసాగింపు అధికారి అయింది. ఆ ఉద్యోగం పేరు విని అత్తగారు ముక్కున వేలేసుకుంది. అత్తగారు దర్జీ పని చేసి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. కత్తెరకున్నంత పదును నోటికీ ఉండేది.

"ఏం కొనసాగిస్తావే అమ్మాయ్?" అని అడిగింది.

"ఏదైనా ఉపద్రవం వచ్చినా ఆసుపత్రి పని ఆగకుండా చూడాలి అత్తయ్యా. ఒకవేళ ఆగితే ఎంత తొందరగా మళ్ళీ మొదలుపెట్టాలో ముందే ఆలోచించి పెట్టాలి."

"మరి ఉపద్రవం రాకపోతే నీకు జీతం దేనికి?"

"మీతో ఇలా మాటలు పడడానికి."

అత్తగారు పకపకా నవ్వింది. ఆ నవ్విన మనిషే తర్వాత కొన్నాళ్ళకు రెండు కిడ్నీలూ పాడై, అదే ఆసుపత్రిలో రోజు విడిచి రోజు రక్తం శుద్ధి చేసే యంత్రం పక్కన పడుకోవలసి వచ్చింది. "నీ ఉద్యోగానికి అర్థం చెప్పమన్న పాపానికి నన్నే అందులో ఇరికించావు కదే" అని కోడల్ని దెప్పేది.

కోడలికి ఆ రోజుతో పని మరీ బరువైంది. ఆగకూడనిదేమిటో ఇప్పుడు ఇంట్లోనే కనబడుతోంది. శిక్షణలో నేర్పిన పెద్ద పెద్ద మాటలు నర్సులకూ, నీటి శుద్ధి చేసే మేస్త్రీకీ, గుమస్తాలకూ ఎక్కడం లేదని వాటికి ఇంటి పేర్లు పెట్టింది. ఆగిన పనిని ఎంతసేపట్లో మళ్ళీ నిలబెట్టాలో అది 'లేచే గడువు'. ఎంతసేపు దాటితే ఇక బాగుచేసుకోవడానికి ఏమీ మిగలదో అది 'ఓర్పు హద్దు'. అన్నీ తగిలించి ఉన్న ఒక్క వస్తువు పేరు 'ఒంటిమేకు'. అది ఊడిందంటే అన్నీ కింద పడతాయి. ఆసుపత్రి పాడైతే పని చేసుకునే మారు చోటును వంటింటితో పోల్చి చెప్పేది. "పొయ్యి మీద అన్నీ ఉడుకుతూ సిద్ధంగా ఉన్న వంటిల్లు ఒక రకం. పొయ్యీ గిన్నెలూ ఉండి సరుకులు మనం తెచ్చుకోవలసింది ఇంకో రకం. నాలుగు గోడలూ కప్పూ మాత్రం ఉన్నది మూడో రకం. మనకేది ఉందో తెలియకుండా ఆకలేసినప్పుడు పరుగెత్తకూడదు" అనేది.

ఆసుపత్రి కంప్యూటరు మిషన్లలో రాసుకున్న వివరాల నకలు దూరంగా మరో ఊళ్ళో దాచేవారు. ఉపద్రవం వస్తే చివరి నకలు దాకా ఉన్నది దక్కుతుంది, ఆ తర్వాత రాసుకున్నది పోతుంది. అలా ఎంత పోయినా తట్టుకోగలమో ముందే తేల్చుకోవాలి. దానికి ఆమె పెట్టిన పేరు 'మరపు'.

ఆ సంగతి తేల్చడానికి పెద్ద డాక్టరు అందరినీ కూర్చోబెట్టాడు. మంచి మనిషి, ఎవరి మాటైనా చివరిదాకా వినేవాడు. "ఎంత మరపు ఓర్చుకోగలం?" అని ఆయన అడిగితే అందరూ ఒక్క గొంతుతో అసలు వద్దన్నారు. అసలు వద్దంటే పాత మిషన్లన్నీ మార్చాలి, మారిస్తే డబ్బు చాలక కొత్త పడకల ఊసు ఎత్తకూడదు. పడకల కోసం జనం వరండాలో కాచుకుని ఉన్నారు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె బాగా ఆలోచించింది. పోయినా రోగులు ఎదురుగా ఉంటారు, అడిగి మళ్ళీ రాసుకోవచ్చు అనుకుంది.

"ఒక్కరోజు మరపు పర్వాలేదండీ" అంది.

పెద్ద డాక్టరు తలూపాడు. రోజూ మధ్యాహ్నం ఒక్కసారి నకలు వెళ్ళేట్టు ఏర్పాటైంది. ఇంత తేలిగ్గా తేలిన విషయం ఆ రోజు మరొకటి లేదు.

నది అవతల మరో కిడ్నీ ఆసుపత్రి ఉండేది. వీళ్ళకు ఆపద వస్తే వాళ్ళు ఆదుకోవాలని, వాళ్ళకు వస్తే వీళ్ళు ఆదుకోవాలని ఒప్పందం రాయించింది కూడా ఆమే. ఆ ఒప్పందం గురించి కాస్త గొప్పగానే చెప్పుకునేది. లేచే గడువు నాలుగు గంటలని రాసుకున్నదీ ఆ ధీమాతోనే.

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. ఆసుపత్రి వెనక కాలువ ఉండేది. ఎప్పుడూ అడుగున బద్ధకంగా పాకే నీళ్ళు గట్టు రాళ్ళను నాకుతూ పైకి రావడం మొదలుపెట్టాయి. నేలమాళిగలో నీటి శుద్ధి యంత్రాలు, కరెంటు పంచే పెద్ద పెట్టె ఉండేవి. జనరేటరు పై కప్పు మీద ఉన్నా, దాని కరెంటు కూడా ఆ పెట్టెలోంచే గదులకు వెళ్ళాలి. అదే ఒంటిమేకు అని ఆమె ఎప్పుడో చెప్పింది, పైకి మార్చడానికి పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు కూడా. వానలు వెలిశాక పని మొదలుపెడదామని మేస్త్రీ అన్నాడు.

ఆమె రోజూ కిందికి దిగి చూసేది. గోడ మూలన చెయ్యి పెడితే రాయి చల్లగా కాక గోరువెచ్చగా, మనిషి ఒంటిలా చెమర్చి తగిలేది. మట్టి వాసన వచ్చేది. పైన పడకల మీద అందరూ నవ్వుకుంటూ ఉన్నప్పుడు కింద ఎక్కడో సన్నగా ఇసుక రాలుతున్న చప్పుడు వినిపించేది.

"ఎలకలై ఉంటాయి మేడమ్" అన్నాడు మేస్త్రీ.

"ఎలకలైతే ఈపాటికి కనబడాలి కదయ్యా. పోయిన నెల దాకా కనబడేవి. ఇప్పుడేవీ?"

మేస్త్రీ గోడ మూలకు వంగి చూశాడు. అతనికీ ఆ ఆలోచన రాకపోలేదు.

గట్టు తెగింది పట్టపగలు, పొద్దుటి బ్యాచ్ యంత్రాల మీద ఉన్నప్పుడు. చప్పుడు పెద్దగా రాలేదు. బరువైన తలుపు ఎవరో మూసినట్టు ఒక్క దెబ్బ, అంతే. దీపాలు ఆరిపోయాయి. పై కప్పు మీద జనరేటరు రంకె వేసి మొదలైంది గాని గదుల్లోకి కరెంటు రాలేదు. నేలమాళిగ మెట్ల మీద నీళ్ళు నల్లగా, నురగ కూడా లేకుండా ఒక్కో మెట్టే ఎక్కి వస్తున్నాయి.

గొట్టాల్లో రోగుల రక్తం నిలిచిపోయింది. గడ్డకట్టేలోగా దాన్ని తిరిగి ఒంట్లోకి పంపాలి. పెద్ద నర్సు ఒక్క కేక వేసింది. నర్సులూ, ఆయాలూ, రోగుల వెంట వచ్చినవాళ్ళూ తలో యంత్రం దగ్గరా నిలబడి చేతి పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. ఒకవేళమ్మ అత్తగారి యంత్రం దగ్గర నిలబడింది. పిడి గబగబా తిప్పసాగింది.

"మెల్లగా తిప్పవే" అంది అత్తగారు, మొహం పాలిపోయి ఉన్నా. "కుట్టుమిషను అనుకో. తొందరపడితే దారం తెగుద్ది."

దారం తెగలేదు. ఎవరి రక్తమూ గడ్డకట్టలేదు. అందరినీ మిట్ట మీదున్న బడికి చేర్చారు. కబురు విని మిగతా బ్యాచ్‌ల రోగులు కూడా ఒక్కొక్కరే అక్కడికి వచ్చారు. మారు చోటుగా ఆమె రాసుకున్న మూడో రకం వంటిల్లు అదే. నాలుగు గోడలు, కప్పు, పిల్లల బెంచీలు.

బడి వరండాలో నిలబడి ఆమె నది అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసింది. చాలాసేపటికి వాళ్ళ అధికారి ఎత్తాడు.

"మా వాళ్ళని పంపిస్తున్నామండీ, ఒప్పందం ప్రకారం..." అని ఆమె మొదలుపెట్టింది.

"అయ్యో, మేడమ్!" అన్నాడతను. "మేమే మీకు ఫోన్ చేద్దామని నంబరు వెతుకుతున్నాం. మా దగ్గర నడుంలోతు నీళ్ళు. మా వాళ్ళని మీ దగ్గరికి బయల్దేరమని చెప్పేశాం."

 రెండు ఆసుపత్రులూ ఒకే నది ఒడ్డున ఉన్నాయి. ఆ సంగతి చిన్న పిల్లలకు కూడా తెలుసు. తెలిసే సంతకం పెట్టింది. వాళ్ళకో మనకో వస్తుందనుకుంది గాని, ఇద్దరికీ ఒకేసారి రావచ్చన్న ఒకవేళ మాత్రం, అన్ని ఒకవేళలు అడిగిన ఆమెకు తట్టలేదు.

నాలుగు గంటలు ఎప్పుడో గడిచిపోయాయి. దూరంగా కొండల దగ్గరి ఊళ్ళో ఒక ఆసుపత్రి తమ యంత్రాల్లో కొన్నింటిని ఇస్తామంది. అక్కడికి చేరడానికి చుట్టు దారి, వెళ్ళడానికి ఒక్క వ్యాను. ముందు ఎవరు, తర్వాత ఎవరు? కిడ్నీ పనిచెయ్యని ఒంట్లో విషం గడిచే కొద్దీ పెరుగుతూనే ఉంటుంది. చివరిసారి యంత్రం ఎక్కి ఎక్కువ కాలమైనవాళ్ళు ముందు వెళ్ళాలి. కాని ఎవరు ఎప్పుడెక్కారన్నది నీళ్ళలో ఉంది. జనం వ్యాను చుట్టూ మూగారు. "మా నాన్నని ముందు ఎక్కించండి" అంటే "మా ఆవిడకి ఆయాసంగా ఉంది" అని తోపులాట.

మర్నాడు పొద్దున నకలు వచ్చింది. మరో ఊళ్ళో దాచిన వివరాలను పెద్ద డాక్టరు కాగితాల మీద అచ్చువేయించి తెప్పించాడు. చేతికి కాగితం రాగానే బడి అంతా ఒక్కసారిగా సర్దుకుంది. జనం వరసలో నిలబడ్డారు. పెద్ద నర్సు కళ్ళు తుడుచుకుంది. "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళం మేడమ్" అంది. ఆమెకు కూడా కాళ్ళ కింద నేల దొరికినట్టయింది.

నకలు గట్టు తెగడానికి ముందు రోజు మధ్యాహ్నం దాకా ఉంది. ఆ రోజు సాయంత్రం బ్యాచ్‌లో ఎవరెవరు రావాలో ఉంది గాని, ఎవరు వచ్చారో లేదు. వచ్చే ఉంటారు కదా అని ఆ బ్యాచ్‌ని వరసలో చివరన పెట్టారు. ఆ సాయంత్రం వానకు రాలేకపోయినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి గొడవ పెట్టుకుంటే వాళ్ళని ముందుకు జరిపారు. గొడవ పెట్టుకోనివాళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

సాయంత్రం బ్యాచ్‌లో గడియారాలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడు, యంత్రం మీద పడుకుని కూడా పక్క పడక వాళ్ళ చేతి గడియారాలు విప్పి చూస్తుండేవాడు. బడిలో కిటికీ పక్క బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. వ్యాను దగ్గరికి వెళ్తున్న ఆమెను చూసి చెయ్యెత్తాడు.

"నా వంతు ఎప్పుడమ్మా?"

"మీది సాయంత్రం బ్యాచ్ కదండీ. మీకింకా టైముంది."

ఆయన ఏదో అనబోయి ఆగాడు. "రాసుకున్నారు కదమ్మా?" అన్నాడు.

"అంతా రాసే ఉంది. మీరు కంగారు పడకండి."

"అలాగేనమ్మా" అని ఆయన దుప్పటి సర్దుకున్నాడు.

తర్వాతి వ్యాన్‌లో ఆమె అత్తగారు వెళ్ళింది. పొద్దుటి బ్యాచ్‌కి రక్తశుద్ధి సగంలోనే ఆగింది కాబట్టి అది వంతు ప్రకారమే, ఒక్క మనిషిని కూడా దాటించలేదు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఆమె కాగితం రెండుసార్లు చూసుకుంది.

గడియారాలాయన కాళ్ళలో బలం లేదన్నాడని, నాలుక మొద్దుబారినట్టుందన్నాడని పెద్ద నర్సు వచ్చి చెప్పేసరికి వ్యాను తిరిగి రాలేదు. పెద్ద డాక్టరు పరుగెత్తాడు. సాయంత్రం యంత్రం ఎక్కిన మనిషికి అప్పుడే ఈ లక్షణాలు రాకూడదు. "మీరు వచ్చారు కదండీ ఆ సాయంత్రం?" అని ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడు.

"రాలేదు సార్. రోడ్డు మునిగింది. ఫోన్ చేశాను." మాట ముద్దగా వస్తోంది. "రాసుకున్నాం అన్నారు."

నిజంగానే రాసుకున్నారు. గుమస్తా ఆ సాయంత్రమే మిషన్లో ఎక్కించాడు. ఒక్కరోజు మరపులో పడిపోయిన వాటిలో ఆ మాట ఒకటి.

తెచ్చుకున్న మందులన్నీ వాడారు. పెద్ద డాక్టరు ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతూనే ఉన్నాడు, పెద్ద నర్సు ఆయన భుజం పట్టుకుని ఆపేదాకా. బయట వ్యాను హారను వినిపించింది. తర్వాతి వంతు వాళ్ళు లేచి చెప్పులు వేసుకుంటున్నారు.

కొన్నాళ్ళకు పైనుంచి విచారణకు వచ్చారు. అంతా చూశారు, అందరినీ అడిగారు. ఇంత ఉపద్రవంలో ఒక్క ప్రాణమే పోయిందంటే ఏర్పాట్లు బాగా పనిచేసినట్టేనన్నారు. వివరాల నష్టం ముందుగా అనుకున్న హద్దులోపలే ఉందన్నారు. ఎక్కడా తప్పు దొరకలేదు. వాళ్ళు వెళ్ళాక పెద్ద డాక్టరు ఆమె గదికి వచ్చి కూర్చున్నాడు.

"హద్దులోపలే ఉందట" అంది ఆమె.

"నేనూ ఒప్పుకున్నానమ్మా ఆ రోజు. మీరొక్కరే అన్న మాట కాదది."

"అడిగి మళ్ళీ రాసుకోవచ్చనుకున్నాను సార్. ఆయన నన్ను అడిగాడు. నేనే ఆయన్ని అడగలేదు."

గడియారాలాయన ఇంటికి ఆమె ఒక్కతే వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసింది. లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది. గోడ నిండా బాగుచెయ్యడానికి ఇచ్చినవాళ్ళ గడియారాలు తలో వేళ చూపిస్తున్నాయి.

"చివర్లో ఏమైనా అన్నారా?" అని భార్య అడిగింది.

అబద్ధం చెప్పడం తేలికే. ఆమె చెప్పలేదు. కిటికీ పక్క బెంచీ దగ్గర జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"ఆయనంతే. హోటల్లో కూడా రెండోసారి అడగరు" అంది చివరికి. "మీరు ఇంక రాకండమ్మా. కోపంతో అనడం లేదు. మిమ్మల్ని చూస్తే నేను ఆయనలా అడక్కుండా ఉండలేను."

ఇంట్లో అత్తగారు మాటలు తగ్గించేసింది. ఒకరోజు కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి అంది.

"ఆ వ్యాన్‌లో నేను కూర్చున్న చోటు ఆయనదే కదే?"

"కాదత్తయ్యా. అది మీ వంతే."

"వంతు సంగతి నేనడగలేదు."

 అత్తగారు మళ్ళీ కత్తిపీట వైపు తిరిగింది.

కొత్త మిషన్లు వచ్చాయి. ఇప్పుడు రాసిన మాట రాసినట్టే మరో ఊరికి చేరుతుంది. కరెంటు పెట్టె పైకి ఎక్కింది. నది అవతలి వాళ్ళతో ఒప్పందం రద్దయి, కొండల దగ్గరి ఊరి ఆసుపత్రితో కొత్త ఒప్పందం కుదిరింది. ఈసారి సంతకానికి ముందు ఆమె స్వయంగా వెళ్ళి చూస్తానంది. భర్త బస్సు డ్రైవరు, సెలవు పెట్టి వెంట వచ్చాడు.

ఆసుపత్రి బాగుంది. నీళ్ళు ఎక్కే అవకాశమే లేదు, ఊరంతా ఎత్తులో ఉంది. అక్కడి వాళ్ళు ఆదరంగా అన్నీ చూపించారు. తిరిగి వస్తుంటే ఊరికి పైన రెండు కొండల మధ్య కట్టిన ఆనకట్ట కనబడింది. ఆమె బండి ఆపమంది.

గోడ కింద నిలబడి తలెత్తి చూసింది. మధ్యలో ఒకచోట రాయి మిగతా గోడకంటే నల్లగా ఉంది. చెయ్యి పెట్టింది. కాపలాదారు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏం చూస్తున్నారమ్మా?"

"ఈ చెమ్మ ఏమిటయ్యా?"

"అదా? అది ఎప్పుడూ ఉండేదేనమ్మా."

"ఇంతే ఉండేదా, పెరిగిందా?"

అతను గోడ వైపు చూశాడు. గొడుగు కొనతో నల్లటి మరక పై అంచును తాకబోయి, అందక, చెయ్యి ఇంకాస్త పైకెత్తి అప్పుడు తాకాడు.

"అది మాత్రం చూడలేదమ్మా" అన్నాడు.

భర్త బండిలోంచి చీకటి పడుతోందని కేకేశాడు. ఆమె వినిపించుకోలేదు. ఆ రాయి మీద అరచెయ్యి అలాగే ఆనించి నిలబడింది.